ఎయిమ్ బాగానే ఉన్నా ర్యాంక్ కదలదెందుకు? టాక్టికల్ షూటర్లలో గేమ్ సెన్స్, నిలకడల లెక్క

క్లుప్తంగా: వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి ఆటల్లో ఒకరోజు 25 కిల్స్, మర్నాడు 8 కిల్స్ రావడం మామూలే. ఈ తేడాలో కొంత కేవలం అదృష్టం, కొంత సామాన్ల లోపం. మిగిలిందంతా నిర్ణయాల లోపం. చెయ్యి చెడిపోవడం చాలా అరుదు. గేమ్ సెన్స్ అని పిలిచేది టైమ్, డబ్బు, సమాచారం అనే మూడు పద్దుల్ని రౌండ్ నడుస్తుండగా చూసుకోవడమే. అది నేర్చుకుంటే వచ్చేదే. విశాఖలో ఆడేవాళ్లకు ముంబై సర్వర్ దూరం, సముద్రపు ఉక్క, కేఫ్ మౌసులు కూడా ఈ లెక్కలోకి వస్తాయి.

వాలరెంట్ 2020 జూన్‌లో వచ్చింది. పాత ఆట సీఎస్:గో స్థానంలో కౌంటర్ స్ట్రైక్ 2 (సీఎస్2) వచ్చింది 2023 సెప్టెంబరులో. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆటల్ని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వాటినుంచి విడిగా గుర్తించింది. అంటే ఈ ఆటల్ని పోటీగా తీసుకుని ఆడటానికి చట్టంలోనే ఒక చోటు దొరికింది. ఎంవీపీ కాలనీలో ఇంట్లో ఆడినా, ద్వారకానగర్ వైపు కేఫ్‌లో గంటకింత అని కట్టి ఆడినా, ఎక్కువమంది అడిగే ప్రశ్న మాత్రం ఒకటే. రోజూ గంటసేపు ఎయిమ్ ట్రైనర్‌లో (గురి సాధన చేయించే ప్రోగ్రామ్‌లో) కూర్చుంటున్నా ర్యాంక్ గోల్డ్, ప్లాటినం లాంటి మధ్య మెట్ల దగ్గరే ఎందుకు ఆగిపోతోంది?

## గడియారం పద్దు

గేమ్ సెన్స్ అంటే పుట్టుకతో వచ్చే చురుకుదనమని చాలామంది నమ్మకం. హనుమంతవాక జంక్షన్‌లో సిటీ బస్సు డ్రైవరు ఆటో ఎటు తిరుగుతుందో ముందే పసిగట్టేది చూపు బలంతో కాదు, ఏ టైముకి ఏ పక్కనుంచి ఏది వస్తుందో తెలిసుండటం వల్ల. ఆటలో ఆ తెలివిడి గడియారంతో మొదలవుతుంది.

రెండు ఆటల్లోనూ ఐదుగురేసి టీమ్‌లు రౌండ్లుగా తలపడతాయి: అటాకర్లు బాంబు (వాలరెంట్‌లో దాని పేరు స్పైక్) పెట్టాలి, డిఫెండర్లు అడ్డుకోవాలి, పెట్టేస్తే దాన్ని పేలకుండా ఆపాలి (డిఫ్యూజ్). వాలరెంట్‌లో రౌండ్ 100 సెకన్లు. స్పైక్ పెట్టడానికి 4 సెకన్లు పడుతుంది, పెట్టాక 45 సెకన్లకు పేలుతుంది. డిఫ్యూజ్‌కి 7 సెకన్లు. ఇందులో సగం, అంటే మూడున్నర సెకన్లు పూర్తయితే అంతవరకు చేసిన పని నిలిచిపోతుంది. వదిలేసి మళ్లీ వచ్చినా మిగతా సగమే చాలు.

ఈ అంకెల్ని ఒక సందర్భంలో పెట్టి చూస్తే వాటి విలువ తెలుస్తుంది. స్పైక్ పెట్టే చోట్లను సైట్‌లంటారు, వాటి పేర్లు ‘ఎ’, ‘బి’. అసెంట్ అనే మ్యాప్‌లో ‘ఎ’ సైట్‌లో స్పైక్ పెట్టారు. అటాకర్ ఒక్కడే మిగిలాడు, డిఫెండర్లు ఇద్దరు. పేలడానికి 12 సెకన్లుంది. ఇంకా ఎవరూ స్పైక్‌ని ముట్టుకోలేదు. అంటే డిఫెండర్లు 5 సెకన్లలోపు డిఫ్యూజ్ మొదలుపెట్టకపోతే రౌండ్ వాళ్ల చేతుల్లోంచి జారిపోయినట్టే. ఇక్కడ అటాకర్ పని కిల్స్ కొట్టడం కానే కాదు, ఆ 5 సెకన్లు కనబడకుండా ఉండటం. డిఫ్యూజ్ చప్పుడు వినబడితే మాత్రం బయటికి రావాలి. చప్పుడు ఒక సెకనులోనే ఆగిపోతే అది ఎర అయి ఉండొచ్చు. మూడున్నర సెకన్లు దాటిందంటే సగం పూర్తయింది, ఇక ఆగడానికి లేదు. ఇదే చోట మధ్యస్థాయి ఆటగాడు 12 సెకన్లు ఉండగానే కిల్ కోసం పీక్ చేసి (చాటునుంచి బయటికొచ్చి) చనిపోతాడు. స్కోర్‌బోర్డు చూస్తే అది ‘ఎయిమ్ తప్పు’లా కనబడుతుంది. నిజానికి అతను గడియారం చూడలేదు.

సీఎస్2కి అలవాటుపడ్డవాళ్లు వాలరెంట్‌కి వచ్చినా, అటునుంచి ఇటు మారినా తడబడేది ఇక్కడే. సీఎస్2లో బాంబు 40 సెకన్లకు పేలుతుంది. డిఫ్యూజ్ కిట్ అనే పరికరం లేకుంటే డిఫ్యూజ్‌కి 10 సెకన్లు, ఉంటే 5. సగం దాచుకునే వీలు లేదు, వదిలితే మళ్లీ మొదటినుంచే. అందుకే అక్కడ 400 డాలర్ల కిట్ ఎవరి దగ్గరుందన్నది టీమ్ మొత్తానికి తెలిసి ఉండాలి. 8 సెకన్లుండగా కిట్ లేనివాడు బాంబు దగ్గరికి పరుగెత్తి లాభం లేదు, తుపాకీ దాచుకుని వెళ్లిపోవడం మేలు.

ఒక సైట్ నుంచి ఇంకో సైట్‌కి పరుగెత్తడానికి ఎంత పడుతుందన్నది ఎవరికి వాళ్లు కొలుచుకోవలసిన అంకె. కస్టమ్ గేమ్ తెరిచి, చేతిలో కత్తితో ఒకసారి, రైఫిల్‌తో ఒకసారి పరుగెత్తి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి రాసుకోవాలి. మ్యాప్‌కి పది నిమిషాల పని. ‘బి కి రండి’ అని అరిచినప్పుడు రాగలమా లేదా అన్నది ఆ తర్వాత ఊహగా మిగలదు.

## డబ్బు పద్దు: ఎదుటివాళ్ల జేబు లెక్కపెట్టడం

తుపాకులు కొనే డబ్బు వాలరెంట్‌లో క్రెడిట్లు. మొదటి రౌండ్‌కి 800 క్రెడిట్లు. గెలిస్తే తలా 3000. ఓడితే 1900, వరుసగా రెండోసారి ఓడితే 2400, మూడోసారి నుంచి 2900. కిల్‌కి 200, స్పైక్ పెడితే 300. రైఫిళ్లయిన వాండల్, ఫాంటమ్ రెండూ 2900, హెవీ షీల్డ్ (కవచం) 1000, స్నైపర్ తుపాకీ ఆపరేటర్ 4700.

మొదటిదైన పిస్టల్ రౌండ్ ఓడిన టీమ్‌కి రెండో రౌండ్లో చేతిలో సుమారు 1900. ఏమీ కొనకుండా ఆ రౌండ్ కూడా ఓడితే మరో 2400 వచ్చి 4300 అవుతుంది. వాండల్, హెవీ షీల్డ్ కలిపి 3900. అంటే మూడో రౌండ్లో అవతల ఐదుగురి చేతిలోనూ రైఫిళ్లు ఉంటాయి. అదే టీమ్ రెండో రౌండ్లో షెరిఫ్ పిస్టల్, లైట్ షీల్డ్‌లకు 1200 ఖర్చుపెట్టి ఓడితే మూడో రౌండ్‌కి 3100 మాత్రమే మిగులుతుంది. వాండల్ వస్తుంది, షీల్డ్ రాదు.

ఈ లెక్క తెలిసిన ఆటగాడు రెండో రౌండ్లో ఎదురుగా పిస్టళ్లే ఉన్నాయని గుర్తుంచుకుని దూరం పాటిస్తాడు, మూలల దగ్గరికి పోడు. తెలియనివాడు స్పెక్టర్ (చిన్న మెషిన్‌గన్) పట్టుకుని సందులోకి దూరి షెరిఫ్ హెడ్‌షాట్ తింటాడు. అటాకర్లు మర్చిపోయే నియమం ఇంకొకటుంది. స్పైక్ పెట్టకుండా టైమ్ అయిపోయి ఓడినప్పుడు, బతికి మిగిలినవాడికి వచ్చేది 1000 మాత్రమే. షెరిఫ్ దాచుకోవడం కోసం చివర్లో దాక్కుంటే లాభం కన్నా నష్టమే ఎక్కువ. వాండల్ దాచుకుంటే లెక్క వేరు.

సీఎస్2లో ఓటమి బోనస్ 1400 నుంచి 500 చొప్పున పెరుగుతూ 3400 వరకు పోతుంది. కిల్ డబ్బు తుపాకీని బట్టి మారుతుంది. రైఫిల్‌కి 300, ఎక్కువ ఎస్‌ఎంజీలకు (చిన్న మెషిన్‌గన్‌లకు) 600, స్నైపర్ తుపాకీ ఏడబ్ల్యూపీకి 100. ఎస్‌ఎంజీతో మూడు కిల్స్ కొట్టినవాడి జేబు తర్వాతి రౌండ్లో మారిపోయి ఉంటుంది. వాలరెంట్‌లో కిల్‌కి ఏ తుపాకీ అయినా 200 కాబట్టి ఆ గొడవ లేదు.

## సమాచారం పద్దు: కనబడనివాళ్ల లెక్క

ఐదుగురు అటాకర్లలో ముగ్గురు ‘ఎ’ సైట్ దగ్గర కనబడ్డారు, స్పైక్ కనబడలేదు. బి దగ్గరున్న డిఫెండర్ ఏం చేయాలి? ఎక్కువమంది ‘ఎ’ వైపు పరుగెత్తుతారు. ఇదే ఓవర్ రొటేషన్, అంటే తొందరపడి సొంత చోటు వదిలేయడం. పై ర్యాంకుల టీమ్‌లు కింది ర్యాంకుల టీమ్‌ల దగ్గర రౌండ్లు కాజేసేది ప్రధానంగా ఈ తప్పు మీదనే. ముగ్గురు కనబడ్డారంటే ఇద్దరు కనబడలేదని. స్పైక్ ఆ ఇద్దరి దగ్గరే ఉండొచ్చు. బి ఖాళీ చేయాలంటే నాలుగో మనిషి అయినా కనబడాలి, లేదా స్పైక్ అయినా కనబడాలి. అప్పటివరకు సగం దూరం, అంటే రెండు వైపులకీ చేరగలిగే చోటుకి వచ్చి ఆగడమే సరైన నిర్ణయం.

నిశ్శబ్దం కూడా సమాచారమే. 100 సెకన్ల రౌండ్లో 60 సెకన్లు గడిచినా ఎటునుంచీ యూటిలిటీ పడలేదంటే, చూపుకి అడ్డుపడే స్మోక్‌లూ కళ్లు చెదరగొట్టే ఫ్లాష్‌లూ అన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి, చివర్లో ఒకే చోట కుమ్మరిస్తారు. ఒమెన్ అనే ఏజెంట్ (ఆటలో పాత్ర) వేసే స్మోక్ 15 సెకన్లుంటుంది. అది పడగానే లోపలికి దూకి పోరాడాలా, అది కరిగేదాకా వెనక్కి తగ్గి ఆగాలా అన్నది డిఫెండర్ ముందే తేల్చుకుని ఉండాలి. స్మోక్ పడ్డాక ఆలోచించడం మొదలుపెడితే అందులో సగం అప్పటికే అయిపోతుంది.

ఈ పద్దు మొత్తం టీమ్ మాట మీద నడుస్తుంది. విశాఖ స్నేహితుల వాయిస్ చాట్‌లో తరచూ వినబడే మాట ఇది: ‘మావా అక్కడే ఉన్నాడ్రా, అక్కడే, కొట్రా వాణ్ణి!’ ఎక్కడ, ఎందరు, ఎంత దెబ్బ తగిలింది, ఈ మూడింట్లో ఒక్కటీ ఇందులో లేదు. ‘ఎ మెయిన్ ఇద్దరు, ఒకడికి 84’ (‘ఎ’ సైట్‌కి పోయే ప్రధాన దారిలో ఇద్దరు, ఒకడికి 84 దెబ్బ) అంటే ఐదు మాటల్లో అన్నీ వచ్చేశాయి. పైగా ముంబై సర్వర్లో ముక్కూమొహం తెలియని టీమ్‌మేట్‌లు తెలుగువాళ్లే కానక్కర్లేదు. చోటు పేరు, అంకె మాత్రం ఏ భాషవాడికైనా అర్థమవుతాయి. చనిపోయాక పదిహేను సెకన్లు పాటు కారణాలు చెప్పేవాడు, బతికున్నవాడి చెవిలో అడుగుల చప్పుడుని చంపేస్తున్నాడు.

## పీక్ చేసేవాడికి ముందు కనబడటం ఎలా?

పీకర్స్ అడ్వాంటేజ్, అంటే పీక్ చేసేవాడికి దొరికే ఆధిక్యం, ఓడినవాళ్ల సాకుగా వినబడుతుంది గానీ దానికి నిజమైన కారణమే ఉంది. మూలనుంచి బయటికొచ్చిన ఆటగాడి కదలిక ముందు సర్వర్‌కి వెళ్లాలి, అక్కడినుంచి యాంగిల్ పట్టుకుని (ఆ మూలకే గురిపెట్టి) కూర్చున్నవాడి కంప్యూటర్‌కి రావాలి. ఇద్దరికీ పింగ్ (సర్వర్‌కి వెళ్లి తిరిగి రావడానికి పట్టే టైమ్) 40 మిల్లీసెకన్లనుకుంటే ప్రయాణానికే 20, 20 కలిపి 40 పోతాయి. సెకనుకి 128 సార్లు ఆటను లెక్కగట్టే 128 టిక్ సర్వర్లో ఒక్కో టిక్ 7.8 మిల్లీసెకన్లు, బఫరింగ్ దానికి అదనం. మనిషి కంటితో చూసి క్లిక్ చేయడానికి మామూలుగా 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. కాబట్టి ఈ 50 చిన్న అంకేమీ కాదు.

విశాఖ నుంచి ముంబైకి సూటి దూరం దాదాపు 1100 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. రానుపోను 2200 కిలోమీటర్లకు 11 మిల్లీసెకన్లు. ఏ ప్లాన్ వేయించుకున్నా పింగ్ ఇంతకంటే తగ్గదు. కేబుల్ సూటిగా పోదు, మధ్యలో రూటర్లుంటాయి కాబట్టి తెరమీద కనబడేది ఎప్పుడూ అంతకంటే ఎక్కువే. అందుకని 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసి 300 పెట్టించుకున్నంత మాత్రాన పింగ్ తగ్గదు, దూరం మారలేదు కదా. సరిచేయగలిగింది జిట్టర్‌ని (పింగ్ ఎగుడుదిగుడుల్ని), ప్యాకెట్ లాస్‌ని (దారిలో పోయే డేటాని). వైఫై మానేసి కేబుల్ వేసుకోవడం, ఇంట్లో ఎవరో ఫోన్ నుంచి ఫోటోలు బ్యాకప్ చేస్తున్నప్పుడు ర్యాంక్డ్ ఆడకపోవడం, రూటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టడం, ఈ మూడూ స్పీడ్ ప్లాన్ కన్నా ఎక్కువ పనిచేస్తాయి. గేమ్ సెట్టింగుల్లో పింగ్, ప్యాకెట్ లాస్ గ్రాఫ్‌లు తెరమీద పెట్టుకుంటే ఏది నెట్ తప్పో, ఏది సొంత తప్పో అప్పటికప్పుడే తేలిపోతుంది.

ఆటలో దీన్నుంచి తేలేవి రెండు. మూలకి అతుక్కుని నిలబడినవాడి భుజం, అవతలివాడి కళ్లకు ముందు కనబడుతుంది. మూలకి దూరంగా ఉన్నవాడే ముందు చూస్తాడు. కాబట్టి గోడనుంచి రెండడుగులు వెనక్కి నిలబడాలి. రెండోది, ఒక కిల్ కొట్టిన చోటనే మళ్లీ ఆగకూడదు. రెండోవాడు క్రాస్‌హెయిర్ (తెరమధ్య గురి గుర్తు) అక్కడే పెట్టుకుని వస్తాడు, ఆలస్యం కూడా అతని పక్షమే.

ఎదురెదురు పోరులో గెలుపు సగం సగమే అనుకుంటే, దాన్ని మార్చగల తేలికైన దారి ట్రేడ్. ముందు వెళ్లినవాడు పడిపోయిన రెండు మూడు సెకన్లలో వెనకవాడు అదే శత్రువుని కొట్టగలిగేంత దగ్గరలో ఉండాలి. శత్రువు అప్పటికే దెబ్బ తిని ఉంటాడు, క్రాస్‌హెయిర్ వేరేచోట ఉంటుంది. వెనకవాడు పది మీటర్లు ఆలస్యంగా వస్తే అది ట్రేడ్ కాదు, ఇద్దరూ విడివిడిగా సగం సగం పోరాడినట్టే.

## నిలకడ: ముందు అదృష్టాన్ని తీసేయాలి

నూటికి 55 మ్యాచ్‌లు గెలిచే స్థాయి ఉన్న ఆటగాడు, అంటే నిజంగానే పైకి పోవలసినవాడు, 20 మ్యాచ్‌లు ఆడితే అందులో సగంకన్నా తక్కువ గెలిచే అవకాశం దాదాపు నాలుగింట ఒక వంతు. ఆటలో ఏ లోపం లేకుండానే. మూడు మ్యాచ్‌లు ఓడగానే సెన్సిటివిటీ మార్చేసేవాళ్లు ఈ అంకెని ఒకసారి చూడాలి. ఒక మార్పు పనిచేసిందో లేదో తేల్చడానికి 20 మ్యాచ్‌లు కూడా తక్కువే. మార్పులు ఒక్కొక్కటిగా చేస్తేనే ఆ తేల్చడానికైనా అర్థం ఉంటుంది.

సామాన్ల తేడా తర్వాతది. మౌస్ చురుకుదనాన్ని తెలిపే అంకె డీపీఐ 800, వాలరెంట్‌లో 0.35 సెన్సిటివిటీ ఉంటే ఒక పూర్తి చుట్టు తిరగడానికి మౌస్ దాదాపు 47 సెంటీమీటర్లు కదలాలి. ఈ అంకె తెలిసినవాడికి కేఫ్‌లో ఏ మౌస్ దొరికినా ఇబ్బంది లేదు. స్కేలు లేదా టేపు పెట్టి, ఒక గుర్తు నుంచి మళ్లీ అదే గుర్తుకి చుట్టు తిరిగి కొలవాలి. 47 బదులు 23 వచ్చిందంటే ముందు కూర్చున్నవాడు డీపీఐ 1600 పెట్టి వెళ్లాడు. డీపీఐ బటన్ పనిచేస్తే తగ్గించాలి, లేదంటే సెన్సిటివిటీ 0.175 చేయాలి. రెండు నిమిషాల పని. చేయకుండా ఆడితే ఆ గంటంతా తల పక్కన గోడకి కాల్చడమే. సీఎస్2కి మారేటప్పుడు వాలరెంట్ అంకెని 3.18తో గుణిస్తే అదే దూరం వస్తుంది.

విశాఖలో అంతగా ఎవరూ పట్టించుకోనిది ఉక్కపోత. గుడ్డ మౌస్‌ప్యాడ్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఏసీ లేని గదిలో అదే ప్యాడ్ మీద మౌస్ బరువెక్కినట్టు కదులుతుంది, మోచెయ్యి బల్లకి అతుక్కుంటుంది. ఏసీ కేఫ్‌లో పొద్దున తలమీద ఆగిన ఫ్లిక్ (మౌస్‌ని ఒక్కసారిగా విసిరే కదలిక), ఇంట్లో సాయంత్రం తలకి ముందే ఆగిపోతుంది. దాన్ని చాలామంది ‘ఈరోజు ఎయిమ్ పోయింది’ అంటారు. మోచేతికి పలచని స్లీవ్, ప్యాడ్‌ని నెలకోసారి సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టడం, ఆడేముందు అరచేతులు తుడుచుకోవడం, వీటితో తేడా చాలావరకు పోతుంది. ప్యాడ్ సగం ఆరాక వాడితే మాత్రం మొదటికన్నా అధ్వాన్నం. ఫ్యాన్ చప్పుడు మరో చిక్కు. చెవి మూయని హెడ్‌సెట్‌లో నడక చప్పుడు దానిలో కలిసిపోతుంది.

అర్ధరాత్రి ఒంటిగంటకి నెట్ హాయిగా ఉంటుందన్నది నిజమే. బుర్ర మాత్రం ఆ టైమ్‌కి పడుకోవాలంటుంది. నిద్ర తక్కువైతే రియాక్షన్ మందగిస్తుంది, అంతకన్నా ముందే పద్దులు చూసుకునే ఓపిక పోతుంది. వరుసగా రెండు ఓడితే ఆపేయాలన్న నియమానికి ఆధారం ఇక్కడుంది. కోపంలో ఉన్నవాడు క్రాస్‌హెయిర్ బాగానే పెడతాడు, గడియారం చూడటం మాత్రం మానేస్తాడు.

## సాధన ఎలా అమర్చుకోవాలి

రెండున్నర గంటలు దొరికాయనుకుంటే, మొదటి పదిహేను నిమిషాలు రేంజ్‌లో (గురి సాధన మైదానంలో), ఒక డెత్‌మ్యాచ్‌లో (చనిపోయినా వెంటనే మళ్లీ లేచి ఆడే మ్యాచ్‌లో) గడపాలి. డెత్‌మ్యాచ్‌లో కిల్స్ లెక్కపెట్టడం అనవసరం. ప్రతి మూలకీ తిరిగేముందే క్రాస్‌హెయిర్ తల ఎత్తులో ఉందా లేదా అన్నదే చూడాలి. గోడమీద పెట్టెల అంచులు, తలుపు గీతలు తల ఎత్తుకి గుర్తులుగా పనికొస్తాయి. ఎత్తు ముందే సరిగా ఉంటే మౌస్ అడ్డంగా మాత్రమే కదలాలి, నిలువు తప్పు అన్నది ఉండదు. ఆగకుండా కాల్చడం కూడా ఇక్కడే వదిలించుకోవాలి. రెండు ఆటల్లోనూ పరుగెత్తుతూ కాలిస్తే తూటా చెదిరిపోతుంది. సీఎస్2లో ఎదురు దిశ కీ నొక్కి ఆగడం తప్పనిసరి, వాలరెంట్‌లో కీ వదిలినా మనిషి త్వరగానే ఆగుతాడు.

తర్వాత రెండు ర్యాంక్డ్ మ్యాచ్‌లు. చివరి పదిహేను నిమిషాలు చావుల సమీక్ష. ఎక్కువమంది ఎగ్గొట్టేది దీన్నే, ఫలితం ఎక్కువ ఇచ్చేదీ ఇదే. మ్యాచ్ అంతా చూడక్కర్లేదు. తెరను రికార్డు చేసే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో రీప్లే బఫర్ 20 సెకన్లకు పెట్టుకుని, చనిపోగానే హాట్‌కీ నొక్కితే ఆ ముక్క సేవ్ అవుతుంది. పదిహేను చావులంటే చూడాల్సింది ఐదు నిమిషాలే. ఒక్కోదానికి నోట్‌బుక్‌లో ఒక మాట రాయాలి: టైమ్, డబ్బు, సమాచారం, చోటు, ట్రేడ్ లేదు, ఎయిమ్. క్రాస్‌హెయిర్ తలమీదే ఉండి, ఆగి, ముందుగా చూసి, అయినా ఓడితేనే ‘ఎయిమ్’ అని రాయాలి. ఈ షరతు నిజాయితీగా పాటిస్తే ఆ గడిలో పడేవి కొన్నే. ఎక్కువసార్లు వచ్చిన మాట ఏదో అదొక్కటే వచ్చే వారం పని. ‘చోటు’ ఎక్కువైతే వారమంతా కిల్ తర్వాత చోటు మార్చడం ఒక్కటే గుర్తుంచుకుని ఆడాలి, మిగతా తప్పులు ఆ వారానికి అలాగే వదిలేయాలి. నాలుగైదు సరిచేయబోతే ఒక్కటీ నిలవదు.

ఏజెంట్లు ఇద్దరికి మించకపోవడం, బాగా వచ్చిన మ్యాప్‌లో ఒక్కో సైట్‌కి రెండు స్మోక్‌లు, ఒక ఫ్లాష్ మాత్రమే నేర్చుకోవడం కూడా ఇదే కారణానికి. రౌండ్ మధ్యలో తేల్చుకోవలసినవి తగ్గేకొద్దీ మిగిలిన వాటికి బుర్ర దొరుకుతుంది. పాతిక లైనప్‌లు (యూటిలిటీని దూరంనుంచి ఒకే చోట పడేలా విసిరే పద్ధతులు) కంఠస్థం చేసినవాడు సరైనది గుర్తొచ్చేలోపు స్పైక్ డిఫ్యూజ్ అయిపోతుంది.

## కాలేజీ ల్యాన్‌కి వెళ్తే

ఇంజినీరింగ్ కాలేజీల ఫెస్ట్‌లలో సర్వర్ అదే గదిలో పెట్టి నడిపితే పింగ్ దాదాపు సున్నా. పీక్ చేసేవాడికి ఇంట్లో దొరికిన ఆధిక్యం అక్కడ తగ్గుతుంది, యాంగిల్ పట్టుకుని ఆగినవాడికి కాస్త మేలవుతుంది. ఇంట్లో విశాలంగా స్వింగ్ చేసి (మూలనుంచి దూసుకొచ్చి) గెలిచిన పోరులు అక్కడ ఓడిపోవచ్చు. కాబట్టి ఫ్లాష్ లేకుండా పీక్ చేయడం తగ్గించాలి. వాలరెంట్ మ్యాచ్‌లు మాత్రం మామూలుగా దాన్ని తయారుచేసిన రయట్ కంపెనీ సర్వర్లలోనే జరుగుతాయి కాబట్టి పేరుకి ల్యాన్ అయినా పింగ్ ముంబైదే. పైగా హాల్లో పది కంప్యూటర్లు ఒకే లైన్ మీద ఉంటే జిట్టర్ ఇంటికన్నా పెరగొచ్చు. మానిటర్ కూడా చూసుకోవాలి. 144 హెర్ట్జ్ అలవాటైనవాడికి ఫ్రేముకి 6.9 మిల్లీసెకన్లు, 60 హెర్ట్జ్ తెరమీద 16.7. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్ తెరవకపోతే 144 మానిటర్ కూడా 60 మీదే నడుస్తుండవచ్చు, అరువు తెచ్చిన కంప్యూటర్లలో ఇది తరచూ జరుగుతుంది. సొంత మౌస్, ఆరిన ప్యాడ్, స్కేలు సంచిలో పెట్టుకుని, మొదటి మ్యాచ్‌కి అరగంట ముందు చేరితే ఇవన్నీ చూసుకోవడానికి టైమ్ సరిపోతుంది.